కొలిమి నుండి బృహదణువు వరకు: ఘనరూప లోహసంశ్లిష్టముల ఉష్ణవియోగ చరిత్ర

కృష్ణగిరి, హోసూరు సీమలు అగ్నికార్యమునకు కొత్తవి కావు. ఈ సీమలలో పలుచోట్ల ప్రాచీన కొలుముల నుండి వెలువడిన ఇనుపచిట్టెము నేటికిని నేలపై కాననగును. రాయిని బొగ్గుతో చేర్చి కాల్చి ఇనుము తీయుట ఇచ్చటి పూర్వుల విద్య. ఘనపదార్థమును ఘనముగనే యుంచి, వేడిమిచేత దాని లోపలి కూర్పును మార్చి, మరియొక పదార్థమును రాబట్టుటయే ఆ విద్యకు సారము. ఇరువదవ శతాబ్దమున రసాయనికులు ఇదే సూత్రమును వేరొక మార్గమున నడపిరి. లోహము నడుమ నుండి, చుట్టును సేంద్రియ భాగములు చేరియున్న సంశ్లిష్ట లవణములను పొడిరూపముననే వేడిచేసి, వానినుండి పాలిమరులు, అనగా బృహదణువులు పుట్టుటను వారు కనుగొనిరి. ఈ రెండు విద్యల నడుమ కాలము చేతను, దేశము చేతను దూరము మిక్కుటము. అయినను వీని చరిత్రలను పక్కపక్కన నుంచి చూచినచో ఒక విషయము తేటపడును. చేతికి చిక్కిన పదార్థము వేరు, అది యేమియో యెరుగుట వేరు. ఈ రెండింటి నడుమ గడచిన కాలమే ఈ వ్యాసమునకు విషయము.

బారామహల్ కొలుములు

కృష్ణగిరి ప్రాంతము బారామహల్ అను పేర పూర్వము ప్రసిద్ధము. 1792లో శ్రీరంగపట్టణపు సంధి ననుసరించి టిప్పు సుల్తాను ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. కెప్టెన్ అలెగ్జాండర్ రీడు, ఆతని సహాయకుడైన థామస్ మన్రో ఇచ్చట భూమిశిస్తు ఏర్పాటు గావించిరి. హోసూరు సీమ 1799లో టిప్పు పతనానంతరము కంపెనీ పాలనలోనికి వచ్చెను. తరువాత ఈ రెండును చిరకాలము సేలము జిల్లాలో భాగములై యుండి, 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని చేరినవి.

కృష్ణగిరి జిల్లాలో తొగరపల్లి చెంతనున్న మయిలాడుంపారై యను చోట జరిగిన త్రవ్వకములలో ఇనుప పనిముట్లు లభించినవి. ఆ పొరలకు చెందిన నమూనాలలో ఒకటి క్రీస్తుకు పూర్వము 2172 నాటిదని కాలనిర్ణయ పరీక్షలు తెలిపినట్లు 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించెను. 2025లో శివగళై మున్నగు ఇతర స్థలములకు ఇంతకంటెను ప్రాచీనమైన కాలములు ప్రకటింపబడినవి. ఈ లెక్కలపై పండితుల చర్చ ఎట్లు ముగిసినను, ఈ కొండసీమలో ఇనుము మిక్కిలి ప్రాచీనమను మాట నిలుచును.

ఈ ఇనుము తీయు విధానమున రసాయన దృష్టితో గమనింపదగిన విశేషమొకటి కలదు. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని కరగదు. మట్టికొలిమి, తోలుతిత్తులు అంతటి వేడిమిని ఇయ్యజాలవు. వానికి సామాన్యముగా అందునది పండ్రెండు వందల డిగ్రీల ప్రాంతము. ఆ వేడిమిలో బొగ్గునుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు వాయువు అయస్కాంతపు రాతిలోని ఆక్సిజనును లాగికొనును. రాతిలోని మలినములు చిట్టెముగా కరగి దిగిపోవును. ఇనుము మాత్రము కరగకయే, ఘనరూపముననే, బొరియలు గల ముద్దగా మిగులును. ఆ ముద్దను ఎఱ్ఱగా కాల్చి సమ్మెటతో కొట్టి మిగిలిన చిట్టెమును వెడలగొట్టెదరు. నూరు పాళ్ల శుద్ధమైన అయస్కాంతపు రాతిలో ఇనుము డెబ్బదిరెండు పాళ్లుండినను, అందు చాలభాగము చిట్టెముతో పోవుట ఈ పద్ధతికి సహజమైన లోపము. రాయి కరగలేదు, ఇనుము కరగలేదు, అయినను ఒకటి మరియొకటిగా మారినది. ఇదియే ఘనస్థితి రసాయన చర్యకు పాతకాలపు ఉదాహరణము.

ఉక్కు తయారీలో మరియొక మెట్టు కలదు. మెత్తని ఇనుపముక్కలను చిన్న మట్టిమూసలలో నుంచి, వానితో ఎండిన తంగేడు పుల్లలు, జిల్లేడు మొదలగు ఆకులు చేర్చి, మూతలను మట్టితో మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చెడివారు. సేలము జిల్లాలో ఈ పని జరుగు తీరును జోసయ్య మార్షల్ హీత్ 1839లో వర్ణించెను. తెలంగాణమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో జరిగిన ఉక్కు తయారీని గూర్చి హెన్రీ వోయిసీ వ్రాసిన వివరణము ఆతని మరణానంతరము 1832లో అచ్చయినది. ఈ ఉక్కునే ఐరోపావారు 'వూట్జ్' అనిరి. దక్షిణదేశ భాషలలోని 'ఉక్కు' అను మాటకే అది వికృతియని పలువురి అభిప్రాయము.

తంగేడు పుల్లయు, జిల్లేటి ఆకును మూసలో ఏమి చేసినవి? కట్టెకు దార్ఢ్యము నిచ్చు సెల్యులోసు ఒక సహజ బృహదణువు. వేడిమిలో అది విచ్ఛిన్నమై, తనలోని కార్బనును ఇనుమున కిచ్చినది. కార్బను చేరగా ఇనుము కరగు వేడిమి తగ్గి, మూసలోనిదంతయు కరగి ఉక్కుముద్దగా గడ్డకట్టినది. అనగా ఇచ్చట బృహదణువు నశించి లోహమును బలపరచినది. ఆ కమ్మరులకు కార్బను పేరు తెలియదు. ఐరోపాలోను ఇనుమునకు ఉక్కునకు భేదము కార్బనుచేతనే యని వాండర్‌మోండ్, బెర్తొలే, మోంజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నిశ్చయించుట 1786లో జరిగెను. అటు పిమ్మటను సందేహములు తొలగలేదు. ఫారడే 1819లో వూట్జును పరీక్షించి, దాని విశేషగుణములకు అల్యూమినా కారణమని తలచెను. పదార్థము చేతనున్నను కారణము అంత సులభముగా చిక్కదనుటకు ఫారడేయంతటివాని పొరపాటే సాక్ష్యము.

రెండు భావములు

లోహసంశ్లిష్టములనుండి బృహదణువులు పుట్టిన చరిత్ర తెలియుటకు ముందుగా రెండు భావములు తెలియవలెను.

మొదటిది సంశ్లిష్టము. లోహపు అయాను నడుమ రచ్చబండవలె నుండగా, దాని చుట్టును నిర్ణీత సంఖ్యలో ఇతర అణువులు, అయానులు పెద్దలవలె కూర్చున్నట్లుండు పదార్థమునకు సంశ్లిష్టమని పేరు. చుట్టును చేరిన వానికి లైగాండులని పేరు. ఈ కూర్పునకు నియమమును 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నరు ప్రతిపాదించి, 1913లో నోబెలు బహుమానము పొందెను.

రెండవది బృహదణువు. చిన్న చిన్న అణుభాగములు గొలుసు కడియములవలె ఒకదానితో నొకటి బలమైన బంధములచే కలసి, వందలు, వేలు చొప్పున పొడవుగా సాగిన అణువే బృహదణువు. ప్రత్తి, పట్టు, రబ్బరు, తోలు మానవునకు ఎన్నడో తెలిసినవే. కాని వానిలో నున్నవి నిజముగా పొడవైన అణువులని 1920లో హెర్మన్ స్టాడింజర్ వాదించినపుడు ఆనాటి రసాయనికులు పెక్కురు ఒప్పుకొనలేదు. చిన్న అణువులే ఏదో బలహీనాకర్షణచే గుమిగూడి యుండునని వారి తలంపు. వాదము పదియేండ్లకు పైగా సాగినది. స్టాడింజరుకు నోబెలు బహుమానము లభించుట 1953లో గాని జరుగలేదు.

ఈ రెండు భావములును కలసిన చోటనే ప్రస్తుత విషయము పుట్టినది. ఆ కలయిక స్టాడింజరు వాదమునకు ముందే జరిగియుండుట చిత్రము.

హంటరు పొందిన పొడి

అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన హంటరు అను రసాయనికుడు ఫినాలు లవణములను పరిశోధించుచుండెను. 1911లో టోరీతో కలసి వెండి లవణములను గూర్చి ప్రకటించిన కృషి దీనికి నాంది. 1916లో ఓల్సన్, డేనియల్స్ అనువారితో కలసి ఆయన ముఖ్యమైన పత్రమును వెలువరించెను. ట్రైబ్రోమోఫినాలు అను పదార్థమున బెంజీను వలయమునకు ఒక ఆక్సిజను, మూడు బ్రోమినులు తగిలియుండును. దాని వెండి లవణమునకు అయొడినునో, ఈథైల్ అయొడైడునో లేశమాత్రము తగిలించినచో లవణము వియోగము చెందును. వెండి ఒక బ్రోమినును తీసికొని వెండి బ్రోమైడుగా వేరగును. మిగిలిన భాగములు ఒకదానితో నొకటి చేరి, స్ఫటికరూపము లేని పొడిగా లభించును.

లెక్క సులభము. వెండి లవణము 438 పాళ్లు తీసికొన్నచో 188 పాళ్లు వెండి బ్రోమైడు, 250 పాళ్లు ఆ పొడి రావలెను. పొడిలోని ప్రతి విభాగమునందును ఆరు కార్బనులు, రెండు హైడ్రోజనులు, రెండు బ్రోమినులు, ఒక ఆక్సిజను గలవు. ఇట్టి విభాగము ఒంటరిగా నిలువదు. కావున పెక్కు విభాగములు కలసినవని హంటరు గ్రహించి, ఆ పదార్థమునకు 'పాలీ డైబ్రోమోఫినిలీన్ ఆక్సైడు' అని పేరు పెట్టెను. ఎన్ని కలసినవి, ఏ ఆకారమున కలసినవి యను ప్రశ్నలకు సమాధానమిచ్చు సాధనములు 1916లో లేవు. పొడవైన గొలుసు అను భావమునకే ఇంకను శాస్త్రములో చోటు దొరకలేదు. హంటరు, ఆయన శిష్యులు 1930 దశకారంభము వరకు ఈ కృషి సాగించిరి. ఆ పొడి పరిశోధన పత్రికలలోనే నిలిచిపోయినది.

ఇచ్చట హంటరును తక్కువ చేయవలసిన పనిలేదు. ఆయన తాను చూచినది చూచినట్లు, తూచినది తూచినట్లు వ్రాసియుంచెను. అందువలననే నాలుగు దశాబ్దముల తరువాత ఇతరులు వచ్చి ఆ పనిని అందుకొనగలిగిరి. సేలము కమ్మరుల నేర్పు ఇంతకంటె తక్కువది కాదు. కాని వారు తమ మూసల కొలతలను వ్రాయలేదు. వ్రాసిన కొద్దిపాటి వివరమును ఊరి బయటినుండి వచ్చినవారు వ్రాసినదే. కొలుములు చల్లారిన పిమ్మట ఆ విద్యను తిరిగి నిలుపుటకు తగిన మాట ఎక్కడను మిగులలేదు.

రాగి యుగము

1950 దశకమున కథ మలుపు తిరిగినది. జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థ పరిశోధనాలయమున అలన్ హే 1956లో ఒక చర్యను కనుగొనెను. డైమిథైల్ ఫినాలు అను పదార్థమును పిరిడీను ద్రావణములో రాగి లవణముతో చేర్చి ఆక్సిజనును పంపగా, గది వేడిమిలోనే దీర్ఘమైన పాలిమరు లభించినది. దీనిని హే తన సహచరులతో కలసి 1959లో ప్రకటించెను. 1960లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు చార్లెస్ ప్రైస్, స్టాఫిన్ అనువారు ఇదే పాలిమరును బ్రోమిను గల ఫినాలునుండి పొందిరి. వెనుకటి హంటరు చర్యకు వీరి మార్గము దగ్గరి చుట్టము.

హే కనుగొన్న పాలిమరు 1964లో వర్తకమునకు వచ్చెను. మెత్తబడుటకు రెండువందల పది డిగ్రీల ప్రాంతపు వేడిమి కావలసియుండుట చేత దానిని అచ్చు పోయుట కష్టమాయెను. పాలీస్టైరీనుతో అది పూర్తిగా కలసిపోవునని తెలిసినపుడు ఆ చిక్కు తీరినది. ఆ మిశ్రమమే 1966 నుండి 'నోరిల్' అను పేర వాహనముల భాగములకు, విద్యుత్ పరికరములకు విస్తారముగా వినియోగపడినది.

హే పద్ధతిలో రాగి ఉత్ప్రేరకము. అనగా ఫినాలునుండి ఎలెక్ట్రానును తీసికొని, దానిని ఆక్సిజనున కిచ్చి, తాను మరల మొదటి స్థితికి వచ్చును. కొద్ది రాగి చాల ఫినాలును మార్చును. మిగులునది నీరు. మరి రాగికిని ఫినాలునకును మధ్య ఏర్పడు సంశ్లిష్టమునే వేరుచేసి, ఆక్సిజను లేకుండ, దానిని మాత్రమే వేడిచేసినచో ఏమగును? జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకే చెందిన బ్లాంచర్డ్, ఫింక్‌బైనర్, రస్సెల్ అనువారు 1962లో ఈ దారిలో అడుగుపెట్టిరి. కెనడాలో మాంట్రియల్ నగరపు మాక్‌గిల్ విశ్వవిద్యాలయమున హారడ్ 1969 నుండి ఈ పరిశోధనను విస్తరింపజేసెను. 1973లో కార్, వాన్ గెలూవే అనువారితో కలసి, హాలోజను గల ఫినాలుల రాగి సంశ్లిష్టములను వేడిచేసి పాలిమరులు పొందు విధమును ప్రకటించెను. హే కూడ 1980 దశకపు చివర ఆ మాక్‌గిల్ విశ్వవిద్యాలయమునకే ఆచార్యుడుగా వచ్చుట గమనింపదగినది.

వేడిమి చేయు పని

పద్ధతి ఈ విధముగా నుండును. ట్రైక్లోరోఫినాలును క్షారములో కరగించి, రాగి లవణమును, పిరిడీనును చేర్చినచో సంశ్లిష్టము అవక్షేపముగా దిగును. దానిని వడకట్టి, కడిగి, తేమ లేకుండ ఆరబెట్టెదరు. అందు ఒక్కొక్క రాగి అయాను చుట్టును రెండు పిరిడీనులు, రెండు ట్రైక్లోరోఫినాక్సైడులు ఉండును. ఈ పొడిని మూసిన గొట్టములో నుంచి, సుమారు నూరు డిగ్రీల నుండి రెండు వందల డిగ్రీల వరకు, కొన్ని గంటల నుండి ఒకటి రెండు దినముల వరకు వేడిచేయుదురు. చల్లారిన తరువాత టాల్యూనులో కలిపి వడకట్టినచో లోహలవణము విడిపోవును. ద్రావణమును హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలిపిన ఆల్కహాలులో పోయగా పాలిమరు తెల్లని పొడిగా దిగును.

లోపల జరుగునది ఏమి? వేడిమి సోకగా రాగికిని ఆక్సిజనునకును నడుమనున్న బంధము తెగును. ఎలెక్ట్రాను ఒకటి రాగికి చేరి, ఫినాక్సీ ప్రాతిపదిక పుట్టును. జత లేని ఎలెక్ట్రాను గలదగుటచే అది నిలకడలేనిది. ప్రక్కనున్న వలయములో క్లోరిను తగిలియున్న కార్బనుపై అది పడును. ఆ క్లోరిను వెడలి లోహమును చేరును. రెండు వలయములు ఆక్సిజను వంతెనతో కలియును. ఈ చర్య మరల మరల జరుగగా గొలుసు పెరుగును. వలయమున ఎదురుమూలనున్న క్లోరిను పోయినచో గొలుసు తిన్నగా సాగును. ఆక్సిజను ప్రక్కనున్న క్లోరిను పోయినచో వంక తిరుగును, లేదా కొమ్మలు వేయును. ఏది ఎంత జరుగునను విషయము లోహముపైనను, లైగాండుపైనను, వేడిమిపైనను, కాలముపైనను ఆధారపడును. అందుచేతనే రాగికి మారుగా కోబాల్టు, నికెలు మొదలైన లోహములను, పిరిడీనునకు మారుగా ఇతర అమీనులను ఉంచి పరీక్షించిరి.

పరమాణుభారముల ననుసరించి లెక్కించినచో 615 గ్రాముల రాగి సంశ్లిష్టమునుండి అత్యధికముగా 322 గ్రాముల పాలిమరు రావలెను. మిగిలిన 293 గ్రాములు రాగి క్లోరైడు, పిరిడీనుల సంశ్లిష్టము. ఈ లెక్కయే ఈ పద్ధతియొక్క పరిమితిని కూడ చూపుచున్నది. హే మార్గమున రాగి మరల మరల పనిచేయగా, ఇచ్చట ప్రతి రెండు కడియములకు ఒక రాగి ఖర్చగుచున్నది. పొందిన గొలుసులు కూడ సామాన్యముగా పొట్టివి. కావున ఇది కర్మాగారమునకు ఎక్కలేదు. కాని ప్రాతిపదికలు ఎట్లు పుట్టును, కొమ్మలు ఎట్లు వేయును అను ప్రశ్నలను ద్రావకముల చిక్కులేకుండ విడమరచి చూచుటకు ఈ మార్గము చక్కగా ఉపకరించినది.

ఒక హెచ్చరిక ఇచ్చట అవసరము. క్లోరిను గల ఫినాలుల లవణములను వేడిచేయునపుడు, రెండు వలయములు రెండు ఆక్సిజను వంతెనలతో కలసి డయాక్సినులు అను విషపదార్థములు కూడ పుట్టవచ్చును. 1976 జూలై 10వ తేదీన ఇటలీలోని సెవేసో చెంత ట్రైక్లోరోఫినాలు తయారుచేయు కర్మాగారమున చర్య అదుపు తప్పి, డయాక్సిను కలిసిన ఆవిరి ఊళ్లపై వ్యాపించినది. నేల విషపూరితమై, జనులు ఇండ్లు విడువవలసివచ్చెను. పాలిమరునకును విషమునకును మూలపదార్థము ఒక్కటే, మార్గములు మాత్రము వేరు. 1970 దశకము నుండి సిప్‌కాట్ పారిశ్రామికవాడతో పెరిగిన హోసూరు వంటి పట్టణములకు ఈ సంగతి కేవలము పుస్తకములలోనిది కాదు. కొలిమిలో వేడిమి ఎంత, ఎంతసేపు అను ప్రశ్న పూర్వపు కమ్మరికి ఇనుము నాణ్యమునకు సంబంధించినది. నేటి రసాయనికునకు అది ఊరి క్షేమమునకు సంబంధించినది.

అంకారా, చెర్నొగొలొవ్కా

ఈ విద్యకు తరువాతి ప్రధానస్థానము టర్కీ. హారడుతో కలసి 1981లో పరిశోధనపత్రము ప్రకటించిన కిసాకురెక్, అంకారాలోని మధ్యప్రాచ్య సాంకేతిక విశ్వవిద్యాలయమున సహచరులతోడను, శిష్యులతోడను పెక్కు ట్రైహాలోఫినాలుల సంశ్లిష్టములను ఘనస్థితిలో వేడిచేసి, లోహమునుబట్టి, లైగాండునుబట్టి గొలుసు ఆకారము మారు తీరును క్రమముగా పరిశీలించెను. హంటరు చేతిలో లేని సాధనములు వీరి చేతిలో నుండెను. అయస్కాంత అనునాద వర్ణపటములతో తిన్నని గొలుసులను, కొమ్మలను గుర్తించిరి. 1916లో వేసిన ప్రశ్నకు ఇట్లు సమాధానములు దొరకినవి.

రష్యాలో మాస్కో చెంతనున్న చెర్నొగొలొవ్కా అను విజ్ఞాన పట్టణమున మరియొక త్రోవ తెరచుకొన్నది. అచ్చట 1972లోనే చెచిలో, ఎనికొలొప్యన్ మొదలగువారు పాలిమరీకరణము ఒక వేడి అలవలె పదార్థములో సాగిపోవుటను చూపిరి. 1990 దశకమున పొమొగైలో, సహచరులు లోహ నైట్రేటులు అక్రిలమైడుతో ఏర్పరచు సంశ్లిష్టములను ఘనరూపమున తీసికొని, ఒక కొసను మాత్రము వేడిచేసిరి. అచ్చట మొదలైన చర్య తన వేడిమితో తానే తరువాతి పొరను రగిల్చుచు, పిడకకు ఒక అంచున నంటిన నిప్పు రెండవ అంచునకు ప్రాకినట్లు, కొసవరకు సాగెను. ఇచ్చట లోహము వెడలిపోదు, పాలిమరు గొలుసునకే తగులుకొని యుండును. ఇట్టి లోహపాలిమరులను మరింత వేడిచేసినచో సేంద్రియభాగము బొగ్గయి, దానిలో అతిసూక్ష్మ లోహకణములు మిగులును. మూసలో తంగేడు పుల్ల కార్బనుగా మారి ఇనుమును చేరిన సంఘటన ఇచ్చట పఠితలకు స్మరణకు రాక మానదు.

తెలుగువారి పాలు

లోహసంశ్లిష్టములకును బృహదణువులకును గల సంబంధమును పరిశోధించినవారిలో తెలుగునాట జన్మించిన ఆచార్య ముషి శాంతప్ప అగ్రగణ్యులు. ఇంగ్లండులోని మాంచెస్టరులో ఎవాన్స్, యూరీ అనువారితో కలసి ఆయన చేసిన పరిశోధన 1951లో వెలువడినది. నీటిలోనున్న ఫెర్రిక్ అయాను సంశ్లిష్టములపై వెలుగు సోకినచో ఎలెక్ట్రాను లోహమును చేరి, స్వేచ్ఛా ప్రాతిపదిక పుట్టును. ఆ ప్రాతిపదిక వినైలు అణువులను గొలుసుగా కూర్చును. హారడు పొడిలో వేడిమి చేసిన పనినే శాంతప్ప ద్రావణములో వెలుగు చేసినది. లోహమునకును లైగాండునకును నడుమ ఎలెక్ట్రాను బదిలీ యగుట రెండింటికిని మూలము. మద్రాసు విశ్వవిద్యాలయమున ఆయన భౌతిక రసాయనశాఖలో పాలిమరు పరిశోధనను పెంపొందించి, 1967 సంవత్సరపు భట్నాగర్ బహుమానమును పొందిరి. పిదప మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు సంచాలకులుగను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకును, మద్రాసు విశ్వవిద్యాలయమునకును ఉపాధ్యక్షులుగను పనిచేసిరి.

చర్మ పరిశోధనాలయము ఈ విషయమునకు దూరము కాదు. తోలులోని కొల్లాజెను సహజ బృహదణువు. క్రోమియము సంశ్లిష్టములు దాని గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయుటచే తోలు వేడిమికి, నీటికి తట్టుకొనును. ఇదే సీమలో అంతకుముందు తంగేటి చెక్కతో తోలు పదును చేయుట పరిపాటి. మూసలో ఉక్కునకు కార్బను నిచ్చిన తంగేడే తోలునకు పదును నిచ్చుటయు ఈ నేలకు దక్కిన విశేషము.

హోసూరునకు నలువది కిలోమీటర్ల దూరమున గల బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కింగ్‌స్లీ, పాటిల్ అనువారు 1988లో లోహ నైట్రేటును యూరియాతో కలిపి ఐదువందల డిగ్రీల కొలిమిలో నుంచగా మంట పుట్టి, నిమిషములలో మెత్తని అల్యూమినా లభించుటను ప్రకటించిరి. ఇచ్చట సేంద్రియభాగము పూర్తిగా కాలిపోయి ఆక్సైడు మిగిలెను. మితమైన వేడిమిలో బృహదణువు, అంతకు మించిన వేడిమిలో బొగ్గులో పొదిగిన లోహము, గాలిలో పూర్తిగా కాలినచో ఆక్సైడు లభించుటను చూడగా, ఏ ఫలము దక్కునను విషయము వేడిమి చేతిలోను, గాలి చేతిలోను ఉన్నదని తేలుచున్నది.

ఉపసంహారము

ఈ చరిత్రనుండి తేలునవి మూడు. మొదటిది, ఘనస్థితిలో రసాయన చర్య నూతనము కాదు; బారామహల్ కొలిమి దానికి ప్రాచీన నిదర్శనము. రెండవది, పదార్థము ముందు, భావము వెనుక వచ్చుట శాస్త్రమున సామాన్యము. కమ్మరికి ఉక్కు దక్కిన పిమ్మట కార్బను తెలిసినది. హంటరునకు పొడి దక్కిన పిమ్మట బృహదణు సిద్ధాంతము వచ్చినది. మూడవది మిక్కిలి ముఖ్యము. భావము ఆలస్యముగా వచ్చినను, వ్రాతయున్నచోట అది పాతకృషిని వెదకికొని వచ్చి కలిసికొనును. వ్రాత లేనిచోట వెనుకకు తిరిగి చూచుటకు చిట్టెము మాత్రమే మిగులును.

సరిహద్దు సీమలలోని తెలుగువారికి ఈ మూడవ విషయము ప్రత్యేకముగా వర్తించును. కొలిమి, తిత్తి, మూస, చిట్టెము, పదును అను మాటలు తెలుగున నేటికిని సజీవములు. వాని ప్రక్కన సంశ్లిష్టము, వియోగము, ప్రాతిపదిక, బృహదణువు అను మాటలు కూడ నిలుచుటకు ఆటంకమేమియు లేదు. చేతిపనివారి మాటలను, వారి కొలతలను వారు జీవించియుండగనే సేకరించి వ్రాసియుంచుట, నేటి పరిశోధనలను తెలుగున తేటగా చెప్పుట అను రెండు పనులును ఒకదానికొకటి తోడుగా సాగవలసినవి. ఆ కృషి జరిగినచో ఈ సీమలో రేపు ఏ కొలిమి చల్లారినను, దాని విద్య మాత్రము చల్లారదు.